దొరల ఆటా, దొరల వేటా?

యానాం మనవడు: రెండ్రోజుల్నుంచి ఒక మాట బుర్రలో తిరుగుతోందండి. ఫ్రెంచి కవి లా ఫొంతేన్ రాసిన తోటమాలి కథ, కుందేలు తోట పాడుచేస్తోందని మొరపెట్టుకుంటే దొర కుక్కల్నీ మందినీ వేసుకొచ్చి తోటంతా తొక్కించేస్తాడు కదా, అప్పుడు తోటమాలి అనే మాట. మా తాతగారు తెలుగులో చెప్పేవారు, "ఇవి దొరల ఆటలు" అనో "దొరల వేటలు" అనో. ఏది?

కాకినాడ టీచర్: ఆటలే. మూలంలో "జూ ద ప్రాన్స్". జూ అంటే ఆట. వేటైతే షాస్ అని ఉండాలి.

రావిచెట్టు: మాట వరకు మీరన్నది కరెక్టే మేడం, కానీ ఆ కుందేల్ని తోటమాలి తనే ఎందుకు కొట్టలేదు చెప్పండి? ఫ్రెంచి విప్లవంలో, 1789 ఆగస్టులో రద్దయ్యేదాకా అక్కడ వేట దొరల హక్కు, మన పెరట్లో మన ఆకు మేసినా కుందేలు దొరదే. అందుకే ఆయన గడప తొక్కాడు. తాతగారు "వేటలు" అనుంటే కథ లోపలికెళ్ళి అన్నట్టే.

కాకినాడ టీచర్: లోపలికెళ్ళొచ్చు గానీ కవి వేసిన మాట మార్చకూడదు కదండీ.

పాతపుస్తకాలు: అసలు కవిగారే అడవి ఆఫీసరు, ఆ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 1652లో ఫ్రాన్సులోని షాతో థియెర్రీ అనే ఊళ్ళో జలాలూ అడవుల శాఖ ఉద్యోగం కొనుక్కున్నాడు. కలప దొంగతనాలూ దొంగవేట కేసులూ ఆ శాఖ కిందివే. కంచెకి పడిన కన్నాన్ని "త్రూ కాదు, త్రుయే" అంటాడు చూడండి, ఒక్క అక్షరం సాగదీశాడు, కన్నం కాస్తా గండి అయిపోయింది. నాకు ఆ కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

రావిచెట్టు: గండి! చెరువుకట్ట తెగినట్టు. బాగుంది మాస్టారూ.

గోదారి గట్టు: మధ్యలో నాదో డౌట్. "గార్ద్ షాస్"ని తెలుగులో ఏమందాం? ఫారెస్ట్ గార్డు అని రాసేస్తున్నారు, అది తప్పు. ఫారెస్ట్ గార్డు కాసేది అడవిని, చెట్టుని. వీడు కాసేది దొర వేటాడే జంతువుల్ని, నెమలికోళ్ళూ కుందేళ్ళూ దొర తుపాకీకి అందేదాకా బతికుండాలి, అదీ వీడి డ్యూటీ.

రావిచెట్టు: వేటకావలి.

గోదారి గట్టు: బిళ్ళబంట్రోతు దగ్గరగా ఉంటుందేమో. విప్లవం తర్వాత ఎస్టేట్ కావలివాళ్ళు కోర్టులో ప్రమాణం చేసి ఇత్తడి బిళ్ళ పెట్టుకునేవారు, దాని మీద "లా లువా", అంటే చట్టం అని చెక్కి ఉండేది. జీతం ఇచ్చేది ఎస్టేట్ యజమాని, గుండె మీద మాట మాత్రం చట్టం.

కాకినాడ టీచర్: బంట్రోతు చేతిలో తుపాకీ ఉండదండీ. వేటకావలికే నా ఓటు.

పాతపుస్తకాలు: వాడు పట్టుకునే దొంగ పేరు ఇంకా బాగుంటుంది. "బ్రాకొనియే" అంటే ఇప్పుడు దొంగవేటగాడు, మొదట్లో మాత్రం దొర వేటకుక్కల్ని సాకే పనివాడు. బ్రాక్ అనేది వేటకుక్క జాతి. కుక్కల్ని నడిపినవాడికి జంతువు దారులన్నీ తెలుసు కదా, అర్థం అలా జారిందని నా ఊహ. మన మనుచరిత్రలో స్వరోచి వేట చదివినప్పుడల్లా నా చూపు రాజు మీద కాదు, ఆ కుక్కల వెంట పరిగెత్తేవాళ్ళ మీదే.

యానాం మనవడు: అందరికీ థాంక్సండి. ఇందాక ఫోన్ చేసి అడిగాను, పెద్దమ్మకి "ఆటలు" గుర్తు, నాన్నకి "వేటలు". ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని విన్నారు.

రావిచెట్టు: నాన్నగారు కరెక్టు.