పాత స్కీ బోటు గేరు స్లిప్ అవుతోంది: బాక్స్ దించేయాలా, ముందు కొలతలు చూడాలా?

లేనియర్ గట్టు
అందరికీ నమస్కారం. మాది 1987 ఇన్‌బోర్డ్ స్కీ బోటు. ఇంజను మధ్యలో, దాని వెనకే గేర్‌బాక్స్, అక్కడి నుంచి షాఫ్ట్ నేరుగా ప్రొపెల్లర్‌కి. బాక్స్ ప్లేటు మీద గేరు నిష్పత్తి 1:1 అని ఉంది. అట్లాంటా పైన లేక్ లేనియర్‌లో తిప్పుతాం. రెండు వారాలుగా, స్కీ మీద ఉన్న మనిషిని నీళ్లలోంచి లేపబోతే ఇంజను గట్టిగా అరుస్తోంది, బోటు మాత్రం లాగడం లేదు. ఒకసారి వేగం అందుకున్నాక బాగానే పోతోంది. గేర్ ఆయిల్ ఎరుపు పోయి గోధుమ రంగులోకి తిరిగింది, కొంచెం మాడు వాసన. ఫోన్‌లో ఒక షాపు అతను "క్లచ్‌లు పోయాయి, దించి రీబిల్డ్ చేయాల్సిందే" అన్నాడు. ఇంజను వెనక మౌంట్లు ఆ బాక్స్ మీదే ఉన్నాయి, దించడం చిన్న పని కాదు. ఏం చేయమంటారు?

పాత పడవ
అన్నా, దించేయండి. మాడు వాసన వచ్చిందంటే క్లచ్ ప్లేట్ల మీద లైనింగ్ కాలిందని అర్థం, అది మళ్లీ మొలవదు. నేను నా మొదటి బోటుతో ఒక సమ్మర్ అంతా "ఇంకో టెస్ట్ చేద్దాం" అంటూ తిప్పాను. దించేసరికి స్టీలు ప్లేట్లు నీలం రంగుకి మారి వంగిపోయాయి. రాలిన పొడి వాల్వులోకి, గేర్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌లోకి పోయింది. లైనింగ్ ఒక్కటే మారిస్తే సరిపోయే పని మొత్తం బాక్స్ ఖర్చు దాకా వెళ్లింది. మీకు ఆ గతి పట్టకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గేజి పెట్టండి
పాత పడవ గారి బాధ నాకు అర్థమైంది. కానీ ఫోన్‌లో విని బాక్స్ దించమనడం తప్పు. ఎందుకు స్లిప్ అయిందో తెలియకుండా కొత్త ప్లేట్లు వేస్తే, అదే కారణం వాటినీ కాలుస్తుంది.

ఆ కాలం స్కీ బోట్లలో ఎక్కువగా కనిపించేది బోర్గ్ వార్నర్ వెల్వెట్ డ్రైవ్ 71సి. మీదీ అదే అయితే ఇది చదవండి. ఆ బాక్సులో ఫార్వర్డ్ క్లచ్‌ని నొక్కి పట్టేది ఆయిల్ ప్రెషర్. ప్రెషర్ పూర్తిగా అందాలంటే బాక్స్ పక్కనున్న షిఫ్ట్ లివర్ చివరి దాకా వెళ్లి, లోపలి బాల్ తన గుంటలో టక్కున పడాలి. ఫార్వర్డ్‌లో ఉన్నప్పుడు ఆ లివర్ కేసింగ్ మీద పోసిన "ఎఫ్" అక్షరం మీదికి రావాలి. ఆ లివర్‌ని లాగే పాత కేబుల్ సాగుతుంది, బ్రాకెట్ వదులవుతుంది, లివర్ కాస్త ముందే ఆగిపోతుంది. అప్పుడు క్లచ్ సగం పట్టు మీద నడుస్తుంది. మామూలు వేగంలో తెలియదు. బోటు నిలబడి ఉండగా థ్రాటిల్ తోస్తే ప్రొపెల్లర్ మీద బరువంతా ఒక్కసారి పడుతుంది కదా, అక్కడ జారుతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే.

కాబట్టి ఇంజను ఆపి కేబుల్ ఊడదీయండి, లివర్‌ని చేత్తో ముందుకు తోయండి. కేబుల్ ఆపిన చోటు కంటే ఇంకా ముందుకు వెళ్తే దొంగ దొరికినట్టే. తర్వాత ఆయిల్ మట్టం చూడండి. ఇంజను కాసేపు నడిపి, ఆపిన వెంటనే చూడాలి. రాత్రంతా నిలబెట్టి పొద్దున చూస్తే కూలర్‌లోని ఆయిల్ కిందికి దిగి, మట్టం ఎక్కువ చూపిస్తుంది. ఆ తర్వాత ప్రెషర్ గేజి. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర సుమారు 120 నుంచి 140 పీఎస్ఐ ఉంటే ఆరోగ్యమే, మీ బాక్సు మాన్యువల్‌తో సరిచూసుకోండి.

ఇంకొకటి, రివర్స్‌లో కూడా జారుతోందా? రెండు వైపులా జారితే పంపు, ఆయిల్, ప్రెషర్ వైపు చూడాలి. ఫార్వర్డ్ ఒక్కటే అయితే ఆ క్లచ్ గానీ, ఆ వైపు కేబుల్ గానీ.

హార్బర్ చెయ్యి
విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఇంజన్ల పని చేసి ఇక్కడికి వచ్చినవాణ్ణి. బాక్స్ జోలికి పోకముందే ఒక పని చేయండి తమ్ముడూ. తెల్ల పెయింటు తీసుకుని, బాక్స్‌ని షాఫ్ట్‌తో కలిపే కప్లింగ్ మీద నుంచి షాఫ్ట్ మీదికి ఒకే గీత గీయండి. బోటు గట్టిగా తిప్పి వచ్చి చూడండి. గీత విరిగి రెండు చోట్లకి పోతే జారేది కప్లింగు దగ్గర, బాక్స్‌లో కాదు. బిగింపు స్క్రూలు వదులైన కప్లింగులు ఎన్ని చూశానో. అవుట్‌బోర్డ్ మోటార్లలో ప్రొపెల్లర్ మధ్య రబ్బరు బుష్ జారుతుంది, మీ దాంట్లో ఆ రబ్బరు లేదు, సన్నబడే షాఫ్ట్ కొస (టేపరు), దాన్ని తిరక్కుండా పట్టే ఇనుప ముక్క (కీ) మాత్రమే. కానీ రెక్క వంగినా, చేపల తాడు చుట్టుకున్నా నీళ్లు పట్టు వదిలేసి ఇంజను అరుస్తుంది. ఒకసారి కిందికి దిగి చేత్తో తడమండి, ఇంజను ఆపేసి, తాళం జేబులో వేసుకుని.

పాత పడవ
గేజి పెట్టండి గారూ, ఒక్కటి అడుగుతాను. ప్రెషర్ బాగుంటే క్లచ్ బాగున్నట్టేనా? కాదు. లైనింగ్ అరిగిపోతే ఎంత ప్రెషర్ ఉన్నా జారుతుంది. గేజి చూసి ఈయన తృప్తి పడి ఇంకో నెల తిప్పితే?

గేజి పెట్టండి
నిజమే, గేజి సగమే చెబుతుంది. అందుకే మిగతా సగానికి 1:1 ఉపయోగపడుతుంది. ఇంజను ముందు పుల్లీ మీద, వెనక షాఫ్ట్ మీద మెరిసే టేపు ముక్క అతికించి, తిరిగే వేగం చూపించే లేజర్ టాకోమీటర్‌తో రెండూ కొలవాలి. గేరు నిష్పత్తి ఒకటికి ఒకటి కాబట్టి అంకెలు సమానంగా ఉండాలి. తేడా ఎంతో, స్లిప్ అంత. దీని మీద వాదన ఉండదు. ఒకరు బోటు నడపాలి, ఒకరు కొలవాలి, ఇంజను మూత తీసి ఉంటుంది కాబట్టి పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్ (బ్లోయర్) ఆన్‌లో ఉండాలి, వదులు బట్టలు వద్దు. ట్రైలర్ మీద మాత్రం చేయకండి. అక్కడ బరువు ఉండదు, స్లిప్ కనపడదు. పైగా షాఫ్ట్‌ని పట్టుకునే రబ్బరు బేరింగ్‌కి నీళ్లే ఆయిల్, నీళ్లు లేకుండా తిప్పితే కాలిపోతుంది.

సాయంత్రం స్కీ
స్పీడోమీటర్ చూసి "లాగడం లేదు" అనుకుంటున్నారా? పాత బోట్లలో అది నీటి పీడనం మీద పనిచేసే సన్న గొట్టం. నాచు అడ్డం పడితే తక్కువ చూపిస్తుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూసుకోండి. నాకు ఈ ఒక్కదానితోనే వారం టెన్షన్ పోయింది.

లేనియర్ గట్టు
శనివారం అన్నీ చేశాం, మా బావమరిది నడిపాడు. జీపీఎస్‌కీ స్పీడోకీ పెద్ద తేడా లేదు. కప్లింగ్ మీద గీత చెక్కుచెదరలేదు. ప్రొపెల్లర్ శుభ్రంగా ఉంది. రివర్స్‌లో జారడం లేదు. కేబుల్ ఊడదీసి లివర్ తోస్తే దాదాపు పావు అంగుళం ముందుకు వెళ్లి టక్ మని పడింది! కేబుల్‌తో ఉన్నప్పుడు ప్రెషర్ 85 దగ్గర ఊగింది. సరిచేశాక 130 దగ్గర నిలబడింది.

కొత్త ఆయిల్ పోసి లేజర్ పెట్టాం. 3000 ఆర్‌పీఎం దగ్గర రెండు అంకెలూ సమానం. కానీ ఆగి ఉన్న చోటి నుంచి గట్టిగా తోస్తే ఇంజను కంటే షాఫ్ట్ ఒకటి రెండు సెకన్లు 150 ఆర్‌పీఎం దాకా వెనకబడి, తర్వాత కలుస్తోంది.

పాత పడవ
చూశారా, కేబుల్ సరి చేసినా లైనింగ్ దెబ్బతినే ఉంది.

గేజి పెట్టండి
ఒప్పుకుంటాను, క్లచ్ గాయపడింది. కానీ కేబుల్ చూడకుండా దించి ఉంటే, కొత్త ప్లేట్లు వేసిన బాక్స్‌ని మళ్లీ అదే వంకర కేబుల్‌కే తగిలించేవాళ్లం. షాపు అతను ఫోన్‌లో దాని ఊసే ఎత్తలేదు.

లేనియర్ గట్టు
నా నిర్ణయం ఇది. ఈ సీజన్‌లో ఇక ఎవరినీ లాగను, పిల్లలతో మెల్లగా తిరగడం వరకే. అక్టోబరులో నేనే దించుతాను. కూలర్ కూడా కడగాలా?

పాత పడవ
తప్పకుండా. వీలైతే కొత్తదే వేయండి, లోపలి పొడి పూర్తిగా రాదు. దించాక, ఇంజనుకీ బాక్సుకీ మధ్యలో కుదుపులు తగ్గించే డ్యాంపర్ ప్లేటు స్ప్రింగులు కూడా చూడండి. ఐడిల్‌లో గలగల శబ్దం వస్తుంటే అది పోతున్నట్టే, బాక్స్ బయట ఉన్నప్పుడే మార్చేయండి. రీబిల్డ్ చేసేవాళ్లకి మీ ఇంజను ఎటు తిరుగుతుందో ముందే చెప్పండి. ఈ బాక్స్ ముందు పంపుని ఎడమకీ కుడికీ రెండు రకాలుగా బిగించవచ్చు, తప్పు వైపు బిగిస్తే ప్రెషరే రాదు.

హార్బర్ చెయ్యి
తిరిగి ఎక్కించాక కప్లింగ్ ముఖాల మధ్య ఫీలర్ గేజి పెట్టి చుట్టూ చూడు తమ్ముడూ. అంగుళంలో వెయ్యోవంతులు మూడు దాటి తేడా రాకూడదు. ట్రైలర్ మీద ఒకసారి సరిచేసినా, బోటు నీళ్లలో దిగాక మళ్లీ చూడాలి. నీళ్లలో కూర్చున్నాక పడవ ఒళ్లు కొంచెం మారుతుంది.

లేనియర్ గట్టు
రాసుకున్నాను అన్నా. కప్లింగ్ విప్పిన రోజు ఫోటోలు పెడతాను.