చెవి సీటీ స్కాన్‌కు వెళ్లేముందు ఏం తెలుసుకోవాలి?

ప్రశ్న: అమ్మకు చెవిలో చీము తగ్గట్లేదు. డాక్టరు గారు టెంపోరల్ బోన్ హెచ్‌ఆర్‌సీటీ (చెవి ఎముకను సన్నటి ముక్కలుగా చూపే సీటీ స్కాన్) రాశారు. పరగడుపున వెళ్లాలా? ఇంజెక్షన్ ఉంటుందా?

జవాబు 1: చీముకు మామూలుగా కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (బొమ్మలో తేడా తెలిసేలా నరంలోకి ఇచ్చే మందు) లేకుండానే తీస్తారు, అప్పుడు పరగడుపు అక్కర్లేదు. చీము మెదడు వైపు పాకిందని అనుమానముంటే ఇస్తారు. అప్పుడు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టు అడగొచ్చు. కమ్మలు, మాటీలు, జడపిన్నులు, వినికిడి మెషీన్, కట్టుడు పళ్లు ఇంట్లోనే తీసేయండి. లోహం ఉంటే బొమ్మ మీద చారలు పడతాయి.

జవాబు 2: స్కాన్ కొన్ని సెకన్లే, కానీ ఆ కాసేపూ తల కదలకూడదు, గుటక కూడా వేయొద్దు. స్కాన్ బొమ్మలు ముక్కలుగా (స్లైసులుగా) వస్తాయి, ఒక్కోటి అర మిల్లీమీటరు మందంలో ఉంటుంది. మధ్యచెవిలోని స్టేపిస్ ఎముక పొడవే మూడు మిల్లీమీటర్ల చిల్లర. కాస్త కదిలినా అది మసకే.

జవాబు 3: ఒక్క మాట. జబ్బు ఎముకను తినేసిందా లేదా అన్నది సీటీ బాగా చూపిస్తుంది. లోపలున్నది కొలెస్టియటోమానా (చెవిలో పెరిగి ఎముకను తినే చర్మపు ముద్ద), ఉత్త చీమా అన్నది చాలాసార్లు తేల్చలేదు, రెండూ బూడిదరంగులోనే కనిపిస్తాయి. తేలకపోతే డిఫ్యూజన్ ఎమ్మారై (ఆ రెండింటినీ వేరుచేసి చూపే ఒక రకం ఎమ్మారై స్కాన్) రాస్తారు. దాన్ని అనవసర ఖర్చనుకోకండి. ఫిల్ముతో సరిపెట్టుకోక సీడీ కూడా అడిగి తీసుకోండి, ఆపరేషన్ చేసే డాక్టరుకు కావాల్సింది అదే.