అప్‌డేట్: లోడ్ ఫ్లో కన్వర్జ్ కాకపోతే లోపం ప్రోగ్రామ్‌దా, వ్యవస్థదా?

విద్యుత్ గ్రిడ్‌లోని వోల్టేజీలను, ప్రవాహాలను లెక్కించే లోడ్ ఫ్లోలో, లోడ్ (విద్యుత్ వాడకం) ఒక స్థాయి దాటగానే, అంచనాను మెట్టుమెట్టుగా సరిదిద్దే న్యూటన్-రాఫ్సన్ పద్ధతి కన్వర్జ్ కాకపోవడానికి (జవాబుకు చేరకపోవడానికి) కారణం ప్రోగ్రామా, విద్యుత్ వ్యవస్థ పరిమితా అన్నది విద్యార్థులకు ఎలా తేల్చి చూపాలని ఇదివరకు అడిగాను. 14 బస్సుల (గ్రిడ్‌లో లైన్లు కలిసే బిందువుల) నమూనాను పక్కనపెట్టి రెండు బస్సులతో మొదలుపెట్టమన్న సలహానే పాటించాను.

పంపే చివర వోల్టేజి 1.0 పర్ యూనిట్ (ఎంచుకున్న ప్రామాణిక విలువతో నిష్పత్తి; మిగతా అంకెలూ ఇలాగే), నష్టాల్లేని లైన్ రియాక్టెన్స్ (ఏసీ ప్రవాహానికి లైన్ చూపే అడ్డు) 0.5, లోడ్ పవర్ ఫ్యాక్టర్ యూనిటీ (అంటే లోడ్ రియాక్టివ్ పవర్ తీసుకోదు) అనుకుంటే, లోడ్ వోల్టేజి వర్గం మీద ఒక వర్గ సమీకరణం వస్తుంది. లోడ్ 0.8 వద్ద వోల్టేజికి 0.894, 0.447 అనే రెండు విలువలు ఉంటాయి. లోడ్ పెరిగేకొద్దీ అవి దగ్గరవుతూ, సరిగ్గా 1.0 వద్ద 0.707గా కలిసిపోతాయి. ఆ పైన వాస్తవ మూలమే లేదు కనుక ఏ ప్రారంభ విలువ ఇచ్చినా ఫలితం ఉండదని విద్యార్థులు సాఫ్ట్‌వేర్ తెరవకుండానే గ్రహించారు. నా దృష్టిలో ఈ పాఠానికి అదే సరైన వరుస.

ఆ కలిసే బిందువు వద్ద జాకోబియన్ (న్యూటన్-రాఫ్సన్ ప్రతి మెట్టులో వాడే పాక్షిక అవకలనాల మాత్రిక) సింగ్యులర్ అవుతుంది, అంటే దానికి విలోమం ఉండదు. అందుకే తర్వాతి తరగతికి అజ్జరపు, క్రిస్టీ 1992లో ప్రచురించిన కంటిన్యుయేషన్ పవర్ ఫ్లోను, అంటే లోడ్‌ను క్రమంగా మారుస్తూ ఆ బిందువు వద్ద కూడా ఆగకుండా పరిష్కారాలను వెంబడించే పద్ధతిని, తీసుకున్నాను. అక్కడ జనరేటర్ల రియాక్టివ్ పరిమితులను (అవి ఇవ్వగల రియాక్టివ్ పవర్‌కున్న హద్దులను) కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ బిందువు మరింత ముందుగానే, అంటే తక్కువ లోడ్ వద్దే, వస్తుంది.