తుంగభద్ర చేపల్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించాలంటే ఎలా?

మాది కర్నూలు. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే చోటికి దగ్గరలోనే ఇల్లు. వారానికి రెండుసార్లు ఏటి చేపలే కూర. ఈ ఎండాకాలం నీళ్లు తగ్గాక ఒడ్డున నురగ, ఘాటు వాసన. మా చెల్లెలికి ఇప్పుడు ఆరో నెల, అందుకే చేపల్లో పాదరసం, సీసం, కాడ్మియం లాంటి విష లోహాలు ఉన్నాయేమోనని టెన్షన్.

పాదరసం చేప కండలోనే పేరుకుంటుంది, ఎంత కడిగినా ఉడికించినా పోదు. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన జబ్బు అలా వచ్చిందే. తల్లులు తిన్న చేపల వల్ల కడుపులో బిడ్డలూ దెబ్బతిన్నారు. చిన్న చేపల్ని తిని బతికే వాలుగలో ఇంకా ఎక్కువ పేరుకుంటుంది. మా ఇంట్లో అందరికీ ఇష్టం అదే!

సీసం, కాడ్మియం కాలేయంలో, మొప్పల్లో ఎక్కువ చేరతాయి కదా, మరి ల్యాబ్‌కి కండ ఒక్కటే పంపాలా, చేప మొత్తమా? ఎన్ని చేపలు కావాలి? ఐసులో పెట్టి పంపితే చాలా? ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేయించినవాళ్లుంటే ఖర్చెంత అయిందో కూడా చెప్పండి, దయచేసి.