అప్‌డేట్: అమ్మ లేక్ ఆగ్నెస్ ఎక్కేసింది

కడప నుంచి కెనడాలో, కాల్గరీలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాం, మోకాళ్ల నొప్పులున్న అమ్మ లేక్ ఆగ్నెస్ టీ హౌస్ (కొండ మీద సరస్సు ఒడ్డున ఉండే టీ కొట్టు) దాకా నడవగలదా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. నడిచింది! లేక్ లూయీజ్ ఒడ్డు నుంచి 3.5 కిలోమీటర్లే కానీ, దాదాపు 400 మీటర్లు పైకి ఎక్కాలి. పొద్దున ఏడుకే మొదలుపెట్టాం. మధ్యలో మిర్రర్ లేక్ దగ్గర కూర్చుని నిప్పట్లు తిన్నాం (బ్యాగులో సగం బరువు అవే). చాలావరకు మట్టిబాటే, చివర్లో జలపాతం పక్కన మెట్లు. "ఇప్పుడా మెట్లు పెట్టేది? అలిపిరే నయం నాయనా" అంది అమ్మ. ఆ టీ హౌస్‌లో 1905 నుంచి టీ ఇస్తున్నారట. తాజా సరుకులు పనివాళ్లు వీపున మోసుకొస్తారని చెప్పాక అమ్మ కప్పులో చుక్క మిగల్చలేదు. దిగేటప్పుడే మోకాళ్లు పట్టేశాయి. చేతికర్ర తీసుకెళ్లమన్నారు మీరు, నేనే వినలేదు.