పాత్ ట్రేసింగ్‌లో నాయిస్ తగ్గేదెట్లా?

ప్రశ్న: అన్నా, తిరుపతిలో ఎంటెక్ చేస్తా ఉండా, ప్రాజెక్టుకి చంద్రగిరి కోట రాజమహల్ లోపల ఒక గదిని పాత్ ట్రేసింగ్‌తో (వెలుతురు కిరణాలు ఎట్లా తిరుగుతాయో లెక్కగట్టి కంప్యూటర్‌లో బొమ్మ తీసే పద్ధతి) రెండర్ చేస్తాంటే వెలుతురంతా చిన్న కిటికీలోంచే కదా, ఇమేజంతా చుక్కలు చుక్కలుగా (అదే నాయిస్) వస్తాంది, శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వేసే కిరణాలు) డబుల్ చేసినా పెద్ద తేడా లేదు. ఏం చేయాల?

జవాబు 1: డబుల్ చాలదబ్బా. మాంటీకార్లోలో (ఎట్లంటే అట్లా శాంపిల్స్ తీసి సగటు కట్టే పద్ధతి, పాత్ ట్రేసింగ్ చేసేది అదే) నాయిస్ సగం కావాలంటే శాంపిల్స్ 4 రెట్లు కావాల. దానికంటే రేలు (కిరణాలు) కిటికీ వైపు ఎక్కువ పొయ్యేట్టు చెయ్. వీచ్, గిబాస్ 1995 పేపర్ తప్పకుండా చదువు, మల్టిపుల్ ఇంపార్టెన్స్ శాంపిలింగ్ (రకరకాల శాంపిలింగ్ పద్ధతుల్ని సరైన తూకంతో కలిపేది) అందులోదే, ఎంత అందమైన ఐడియానో!

జవాబు 2: డీనాయిజర్ (చుక్కల్ని నున్నగా చేసే సాఫ్ట్‌వేర్) పెట్టేసి బాగుంది అనుకోవద్దు తమ్ముడూ, బయాస్ వస్తాది, అంటే బొమ్మ అసలు జవాబు నుంచి పక్కకి జరుగుతాది. థీసిస్‌లో ఎక్కువ శాంపిల్స్‌తో చేసిన రిఫరెన్స్ ఇమేజ్ పక్కన పెట్టి ఎర్రర్ చూపించు.

ప్రశ్న అడిగినాయన: సరేన్నా, ముందు కిటికీకి పోర్టల్ (వెలుతురు ఇక్కడినుంచే వస్తాదని రెండరర్‌కి చెప్పే గుర్తు) పెట్టి చూస్తా.