చైనావాళ్ల చింగ్‌మింగ్ మన పెద్దల పండగలాంటిదేనా?

గాజువాక కుర్రాడు:
ఓడలో ఫిట్టర్‌ని. ఏప్రిల్ మొదటివారంలో మా ఓడ మరమ్మతుకి షాంఘైలో ఆగింది. సెలవునుంచి వచ్చిన డాక్ మేస్త్రీ ఒక ఆకుపచ్చ ఉండ నా చేతిలో పెట్టి, ఫోన్‌లో వాళ్లమ్మ సమాధి చూపించాడు. నాన్న పోయాక వచ్చిన మొదటి సంక్రాంతికి నేను సముద్రం మీదున్నాను. తమ్ముడే బట్టలు పెట్టాడు. ఆ ఉండ మింగుడుపడలేదు. ఈ పండగేంటి? దూరాన ఉన్నవాళ్లు ఏం చేస్తారు?

ఎంవీపీ డాక్టరమ్మ:
తమ్ముడూ, నేను వైద్యం చదివింది చైనాలోనే. నువ్వు తిన్నది చింగ్‌తువాన్. వినాయక చవితి పత్రిలో మాచిపత్రి ఉంటుందే, ఆ జాతి ఆకు రసంతో బంకబియ్యప్పిండి కలిపి, లోపల తీపి పూర్ణం పెట్టి ఆవిరిమీద ఉడికిస్తారు. చల్లారాకే తింటారు.

అలా చల్లగా తినడం వెనక కథ ఉంది. పూర్వం చైనాలోని జిన్ రాజ్యపు రాకుమారుడు చోంగ్అర్ 19 ఏళ్లు పరాయిదేశాల్లో తిరిగాడు. ఆకలితో ఉన్నప్పుడు జియె జితుయ్ అనే అనుచరుడు తన తొడ కోసి వండిపెట్టాడట. రాజయ్యాక ఆ సంగతే మరిచాడు. జితుయ్ తల్లితో కొండెక్కేశాడు. రప్పించడానికి రాజు అడవికి నిప్పు పెట్టిస్తే తల్లీకొడుకులు కాలిపోయారు. అందుకే ఆ రోజు పొయ్యి వెలిగించకుండా చల్లటి తిండి తినే ఆచారం వచ్చిందంటారు. నాకు ఇప్పటికీ ఆ తల్లే గుర్తొస్తుంది. ఆ చల్లన్నం పండగే మెల్లగా చింగ్‌మింగ్‌లో కలిసిపోయింది. 2008 నుంచి ప్రభుత్వ సెలవు. చింగ్‌మింగ్‌నాడు పెద్దల సమాధి చుట్టూ కలుపు పీకి, తుడిచి, రాతిమీద వెలిసిన అక్షరాలకి మళ్లీ రంగు వేస్తారు. ఆ రోజు "శుభాకాంక్షలు" మాత్రం చెప్పకు.

భీమిలి పాత నావికుడు:
బాబూ, సంక్రాంతిలాగే అదీ సూర్యుణ్ణి బట్టి వచ్చేదే. అందుకే ఏటా ఏప్రిల్ 4, 5 దాటి పెద్దగా జరగదు. దూరాన ఉన్నవాళ్ల సంగతి అడిగావు కదా. ఓసారి చైనాలోని డాలియన్ రేవులో రాత్రిపూట నాలుగు రోడ్ల కూడలిలో చూశాను. ఒకాయన నేలమీద సుద్దతో గుండ్రంగా గీత గీసి, ఒకవైపు మాత్రం సందు వదిలాడు. లోపల, పోయినవాళ్లకి చేరుతుందని కాల్చే ఉత్తుత్తి కాగితపు డబ్బు కాల్చాడు. సందెందుకని మా ఏజెంటుని అడిగితే, అది వాళ్ల పెద్దల సమాధులున్న వైపన్నాడు. నువ్వూ విశాఖ వైపు తిరిగి దణ్ణం పెట్టుకో. మీ నాన్నకి అందుతుంది.

గాజువాక కుర్రాడు:
పెట్టుకున్నాను పెదనాన్నా. అమ్మకి ఫోన్ చేశాను. నాన్నకి పెట్టిన పంచె ఎవర్నీ కట్టనివ్వకుండా నాకోసం దాచిందట. జూన్‌లో దిగుతాను.